చెప్పినది ఎడమన, జరిగినది కుడిన

మా నాయన బోర్డులు రాసేవాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల బజారులో ఒకప్పుడు సగం బోర్డులు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని దాదాపు పోయింది. ఆదివారాల్లో మాత్రం ఆయన ఉపదేశి. ఉపదేశి అంటే పాస్టరు కాదు. పాస్టరు రాలేని పల్లెల్లో ప్రార్థన నడపాలి, పిల్లలకు వాక్యం నేర్పాలి, పాస్టరు వచ్చిన రోజు ఆయన సంచి మోయాలి. జీతం అడిగితే విశ్వాసం లేనట్టు. మేముండేది జమ్మలమడుగులో, నాయన తిరిగేది పులివెందుల దారిలో ఉన్న పల్లెల్లో. ఆ పల్లెల్లో మావాళ్లవి ఊరికి ఎడంగా ఉన్న నాలుగు వీధులు, వాటి చివర రేకుల కప్పుతో ఒక ప్రార్థన మందిరం ఉండేవి.

ఆయన రెండు పనులూ కలిసి ఒక గుడ్డ అయ్యాయి. ముతక గాడా గుడ్డకు గంజి పెట్టి, తెల్ల రంగు పూసి, నడుమ నిలువుగా ఒక గీత గీశాడు. గీతకు ఎడమన నల్లటి అక్షరాలతో ‘చెప్పినది’ అనీ, కుడిన ఎర్రటి అక్షరాలతో ‘జరిగినది’ అనీ రాశాడు. కింద పన్నెండు వరసలు. ప్రభువు పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే పాత ప్రవక్తలు ఒక రక్షకుడు వస్తాడని చెప్పారనీ, వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కొక్క ఆనవాలు చెప్పిపోతే ఆ ఆనవాళ్లన్నీ ఒకే మనిషిలో కలిశాయనీ మా నమ్మకం. ఎవరూ లెక్కపెట్టని చిన్న ఊళ్లో పుడతాడని ఎడమన ఉంటే, కుడిన ఆ ఊరు, పశువుల పాక. రాజు గాడిద మీద వస్తాడని ఎడమన ఉంటే, కుడిన ఆయన గాడిదెక్కి పట్నంలోకి వచ్చిన రోజు. బట్టలకు చీట్లు వేసుకుంటారని ఎడమన, సిలువ కింద సిపాయిలు చీట్లు వేసుకున్నారని కుడిన. రెండువైపులా సరిపోతున్నాయి కాబట్టి ఈయనే ఆయన. మా చిన్నప్పుడు దీనికి మించిన రుజువు ప్రపంచంలో ఉంటుందని నాకు తెలియదు.

ఇంట్లో ఇది ఒక ఆట. నాయన బ్రష్షు కడుగుతూనో చొక్కా తొడుక్కుంటూనో ఎడమవైపు మాట అంటాడు, మా అన్నా నేనూ పోటీపడి కుడివైపు మాట అందుకోవాలి. ముందు చెప్పినవాళ్లకు అప్పచ్చి. మాకు ఎంత అలవాటైందంటే నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. డిసెంబరులో సంఘం పెట్టే పోటీల్లో నేను వరసగా మూడేళ్లు స్టీలు గిన్నె గెలిచాను. ఆ గిన్నెల్లో ఒకదాంతో మా అమ్మ ఇప్పటికీ బియ్యం కొలుస్తుంది.

ఏడో వరస దగ్గర ఒకసారి నేను ఆగిపోయాను. నాకప్పుడు పదకొండేళ్లు. ఎడమన, బొచ్చు కత్తిరించేవాళ్ల ముందు గొర్రె మాదిరి ఆయన నోరు తెరవడు అని ఉంది. కుడిన, అధిపతి ఎన్ని అడిగినా బదులు చెప్పలేదు అని ఉంది. కానీ ఆ వారమే వాక్యంలో నేను ఇంకో సంగతి చదివాను. సిలువకు ముందు రాత్రి, ఇంకా అధిపతి దగ్గరికి తీసుకుపోకముందు జరిగిన విచారణలో ఒక బంట్రోతు ప్రభువును చెంపమీద కొడతాడు. ప్రభువు ఊరుకోడు. నేను తప్పు మాట్లాడివుంటే ఆ తప్పేదో చూపించు, లేకుంటే నన్నెందుకు కొట్టావు అని నిలదీస్తాడు.

“నాయనా, మరి ఈడ నోరు తెరిచినాడు గదా?” అని అడిగాను.

నాయన బ్రష్షు కిరసనాయిలులో ముంచి చాలాసేపు తిప్పాడు. తర్వాత, “అది గుడ్డ మీద లేదు పాపా. పోటీలో రాదు,” అన్నాడు.

పోటీలో రాదంటే నాకు చాలు. గిన్నె మీద ఉన్న ఆశ ఆ చెంపదెబ్బ సంగతి మీద లేదు.

పన్నెండో వరసకు కుడివైపు ఖాళీ. ఎడమన, ఆయన ఏలుబడిలో మనుషులు కత్తులు సాగగొట్టి నాగటి కర్రులు చేసుకుంటారు అని ఉంది. మా సీమలో ఆ మాటకు ఎదురుగా ఎర్ర రంగుతో ఏం రాస్తాడు పాపం? అడిగిన పిల్లలకు నాయన గండికోట చూపించేవాడు. “దూరం నుంచి సూస్తే ఆ రెండు కొండలూ ఒకటే మాదిరి కనపడతాయి. దగ్గరికి పోతే నడుమ పెన్న పారతాంటుంది. ప్రవక్తలు దూరం నుంచి సూసినారు. ఒక కొండ ప్రభువు మొదటి రాక. రెండోది ఆయన మళ్లీ వచ్చేది. కొన్ని మాటలు మొదటి కొండ మీద జరిగిపోయినాయి, కొన్ని రెండో కొండకు మిగిలినాయి,” అనేవాడు. బాగా చెప్పేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మేమంతా ఆ రెండు కొండల నడుమ లోయలో కాపురముంటున్నామని మాత్రం నాకు నేనే తెలుసుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. నాయన ఆ గుడ్డ రాసేటప్పుడు ముందు కుడివైపే రాశాడు. ఎర్ర రంగు ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది, చెయ్యి తగిలితే చెదిరిపోతుంది, అందుకని అది పూర్తిగా ఆరాక ఎడమవైపు నల్ల రంగు మొదలుపెట్టాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. జరిగింది ముందు రాసి, చెప్పింది దానికి ఎదురుగా తర్వాత రాశాడు. అది బోర్డులు రాసేవాడి పని పద్ధతి, అంతే. కానీ చాలా ఏళ్ల తర్వాత ఆ సంగతి నా గొంతుకు అడ్డం పడింది.

మా అన్న ట్రాక్టరు డ్రైవరు. నాయన తిరిగే పల్లెల్లోనే ఒకదాంట్లో పెద్ద అరటి తోటల కుటుంబం దగ్గర పనిచేసేవాడు. మందిరం ఉన్న జాగా కూడా ఆ కుటుంబంలోని పెద్దాయన ఎప్పుడో నోటిమాటగా ఇచ్చిందే. రాష్ట్రం విడిపోయిన తర్వాత ఒకటి రెండేళ్లకు, క్రిస్మస్ ముందురోజు పొద్దున, నేనూ నాయనా ఆ మందిరానికి గుడ్డ తీసుకుని వెళ్లాం. అన్న రెండు రోజులు సెలవని ముందే చెప్పి, అక్కడే వాకిట్లో మరికొందరితో కలిసి రంగు కాయితాల తోరణాలు కడుతున్నాడు. నాయన నిచ్చెనెక్కి గుడ్డ కుడి కొన మేకుకు కట్టి, ఎడమ కొన చేత్తో పట్టుకున్నాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. తలుపు తీసి ఉంది. వాకిలంతా కనిపిస్తోంది.

జీపులో పెద్దాయన కొడుకు వచ్చాడు. లారీ వచ్చి నిలబడింది, గెలలు తోలాలి, ట్రాక్టరు తియ్యి అన్నాడు.

“మొన్ననే చెప్పినా గదన్నా, ఈ రెండు దినాలు రాలేనని. పండగ,” అన్నాడు మా అన్న.

“పండగంట పండగ. యాడ నేర్చినావురా నాకు రానని చెప్పేది?” అంటూ అతను జీపులోంచి జాకీ రాడ్డు తీశాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది.

అన్న తోరణం వదల్లేదు. నిజంగా అర్థం కానట్టు ముఖం పెట్టి, “నన్ను యాల కొడ్తివన్నా?” అని అడిగాడు.

రెండో దెబ్బ ఎడమ మోకాలి మీద పడింది. మూడోదీ అక్కడే పడింది. ఆ చప్పుడు నేనిక్కడ రాయను. నాయన చేతిలోంచి గుడ్డ జారి నా తలమీద పడింది. నేను దాన్ని తోసుకుని చూసేసరికి అన్న నేలమీద ఉన్నాడు, జీపు వెనక్కి తిరుగుతోంది. అదంతా నాయన పైనుంచి చూశాడు. నేను కిందనుంచి చూశాను. ఇద్దరం చూశాం. జీపు మలుపు తిరిగేదాకా నాయన నిచ్చెన దిగలేదు, నేను నిచ్చెన వదల్లేదు.

ప్రొద్దుటూరులో ఆపరేషను చేశారు. కాలు మిగిలింది కానీ మోకాలు మళ్లీ పూర్తిగా మడత పడలేదు. ఎడమ కాలు క్లచ్చు తొక్కే కాలు. అన్న డ్రైవరు పని అక్కడితో ముగిసింది.

పోలీసులు వచ్చినప్పుడు నాయన చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో నాతో, “నీ పేరు చెప్పలేదు పాపా. ఎవురన్నా అడిగితే, లోపల కాయితాలు అంటిస్తాంటి, నాకు తెల్దు అని చెప్పు. ఆడపిల్ల, కోర్టుల చుట్టూ తిరిగే పనేంది,” అన్నాడు. నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. అప్పుడే డిగ్రీ అయింది, ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బళ్లో పంతులమ్మ ఉద్యోగం వచ్చేట్టుంది. నా పేరు కాగితం మీద లేదన్న సంతోషాన్ని ఆ రోజు నా ముఖంలో ఎవరైనా చూశారేమో నాకు తెలియదు.

అవతలివాళ్లు, వాడు ట్రాక్టరు మీదనుంచి పడ్డాడు అన్నారు. అన్న, కొట్టాడు అన్నాడు. తోరణాలు కట్టడానికి వచ్చిన మిగతావాళ్లు ఎవరూ ఏమీ చూడలేదన్నారు. కాబట్టి కేసంతా నాయన నోటిమీదే నిలబడింది.

ఏడాదిన్నరకు పులివెందుల కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. వాయిదా ఇంకా వారం ఉండగా, అవతలివాళ్లు మమ్మల్ని బెదిరిస్తారని అమ్మ తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది. వాళ్లు రాలేదు. ఒక్క మాట అనలేదు, ఎవరితోనూ అనిపించలేదు. వాళ్లకు ఆ శ్రమ లేకుండా మా పాస్టరయ్యగారే వచ్చారు.

పట్టపగలే వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కండ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. అన్న లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు, రెండు గదులకూ నడుమ ఉన్నది ఒక చీర తెర. నేను పొయ్యి దగ్గర టీ పెడుతున్నాను.

“మందిరం జాగాకు కాయితం లేదన్నా,” అన్నారు అయ్యగారు నాయనతో. “నువ్వు కోర్టులో నోరు తెరిస్తే రేపు గేటుకు తాళం పడుతుంది. ఇరవై ఇండ్లోళ్లు యాడ కూర్చోని ప్రార్థన చేయల్ల?”

“పిల్లోని కాలు పాయ గదా అయ్యగారూ,” అన్నాడు నాయన.

“పాయ. నాకు తెల్దా? నేను దినామూ వాని కోసం ప్రార్థన చేస్తాండా. కానీ ప్రభువు ఏం చేసినాడో సూడు. ఆయనకు మాత్రం అన్యాయం జరగలేదా? నోరు తెరిచినాడా?” ఆయన ట్రంకు పెట్టె మీద చుట్టి పెట్టిన గుడ్డ వైపు చూశారు. “నువ్వే గదన్నా రాసింది, ఏడో వరస. బొచ్చు కత్తిరించేవాళ్ల ముందు గొర్రె మాదిరి…”

ఆయన ఎడమవైపు మాట సగంలో ఆపారు. నాయన పెదాలు కదిలాయి. ఎన్ని వందల మంది పిల్లల చేత చెప్పించివుంటాడో ఆ జవాబు! అది ఆయన ఆపుకోలేకపోయాడు.

“అధిపతి ఎన్ని అడిగినా బదులు చెప్పలేదు,” అన్నాడు.

“ఆమేన్,” అన్నారు అయ్యగారు.

నా చేతిలో టీ గ్లాసు ఉంది. నాలుక చివర నా పదకొండేళ్లప్పటి ప్రశ్న ఉంది. చెంపమీద కొడితే అడిగినాడు గదా అయ్యగారూ, నన్నెందుకు కొట్టావని అడిగినాడు గదా, మా అన్న గూడ సరిగ్గా అదే అడిగినాడు గదా. ఇంత మాటా నోటిదాకా వచ్చింది. నేను టీ ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను.

ఆ తర్వాత ఆ మాటను నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూశాను. పెన్న ఒడ్డున గొర్రెల మందలు దిగినప్పుడు బొచ్చు కత్తిరించడం చిన్నప్పుడు చూశాను. గొర్రె నాలుగు కాళ్లూ కట్టి పక్కకు పడేస్తారు, ఒకడు మెడమీద మోకాలు పెడతాడు. అది అరవదు, నిజమే. అరవకపోవడం దాని ఓర్పు అని కత్తెర పట్టుకున్నవాడు అనుకోవచ్చు. మేం కూడా అలా అనుకోవడమెందుకు? ప్రవక్త ఆ మాట చెప్పింది లోకం బరువంతా తనంతట తాను మోయడానికి వచ్చినవాడి గురించి. ఆయన మౌనం ఆయన ఎంచుకున్నది. అరటి గెలలు తోలడానికి రానన్నందుకు మోకాలు పోగొట్టుకున్నవాడి గురించి ఆ ప్రవక్త ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరి మాట తెచ్చి ఎవరికి అతికించారు! పాత మాటలన్నీ ప్రభువులో నెరవేరాయని చెప్పే మా సంఘం, ఆ ఒక్క మాటను మాత్రం మా ఇంట్లో, మంచం మీద పడుకున్న మా అన్న మీద ఇంకోసారి నెరవేర్చింది.

అప్పుడే నాకు నాయన గుడ్డ రాసిన తీరు గుర్తొచ్చింది. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. మందిరం నిలవాలంటే రాజీ కావాలని సంఘంలో ముందే అనుకున్నారు. ఎర్ర రంగు ఆరిపోయింది. ఆ తర్వాత దానికి ఎదురుగా రాయడానికి నల్ల అక్షరాలు వెతుక్కుని అయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఆ రోజు నుంచి ఎవరైనా నాకు వాక్యం చెబితే, వీళ్లు ఏం చేసి వచ్చి ఇది చెబుతున్నారా అని ముందు అనుమానం వస్తుంది. ఇది మంచి గుణం కాదని తెలుసు. పోవడం లేదు.

కోర్టులో నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. సర్కారు వకీలు, “మీ కొడుకును కొట్టడం మీరు చూశారా?” అని అడిగాడు.

“నేను గుడ్డ కట్టే పనిలో ఉంటి సార్. సూడలేదు.”

“పోలీసులకు చూశానని చెప్పారు కదా?”

“కొడుకని బాధలో చెప్పింటా సార్.”

నేను వెనక బల్ల మీద అన్న పక్కన కూర్చున్నాను. అన్న ముందుకు, నాయన వైపు చూడలేదు. మెడ తిప్పి నావైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఎండ మండిపోతోంది, దాహమేమో అనుకుని సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసి ఇచ్చాను. అతను తీసుకున్నాడు కానీ తాగలేదు. కేసు కొట్టేశారు. బస్సులో జమ్మలమడుగు దాకా ముగ్గురం ఒకే సీట్లో కూర్చుని వచ్చాం.

మందిరం మాత్రం మిగిలిందా? రెండేళ్లు మిగిలింది. తర్వాత అవతలివాళ్లకు అరటి గెలల గోదాముకు రోడ్డు పక్క జాగా కావాల్సి వచ్చింది. ఒక మంగళవారం జేసీబీ వచ్చి మందిరాన్ని పడగొట్టింది. రాయి మీద రాయి నిలవదని ప్రభువు ముందే చెప్పాడు కదా అని అయ్యగారు ఆ వారం జమ్మలమడుగు చర్చిలో ప్రసంగం చేశారు. దానికి కూడా ఆయన దగ్గర వాక్యం ఉంది. నేను మధ్యలో లేచి బయటికి వచ్చేశాను. చెప్పుల కోసం వెతుక్కుంటుంటే లోపల అందరూ ఆమేన్ అనడం వినిపించింది.

నాయన ఆ గుడ్డను మళ్లీ ఎక్కడా కట్టలేదు. ఇంట్లో ఆట ఆగిపోయింది. కానీ రోజూ సాయంత్రం అన్న కాలు ఒళ్లో పెట్టుకుని నువ్వుల నూనె మర్దన చేసేవాడు. చేస్తూ వాక్యం చెప్పేవాడు. మన నొప్పులన్నీ ఆయన తన మీద వేసుకున్నాడు నాయనా, ఆయన దెబ్బల వల్లే మనకు స్వస్థత నాయనా అని, అది కూడా గొర్రె మాట చెప్పిన ఆ ప్రవక్తదే, అదే అధ్యాయంలోది. అన్న గోడవైపు ముఖం తిప్పుకుని ఊఁ అనేవాడు. నాకు ఒళ్లు మండేది. నూనె రాయి, వాక్యం ఆపు అని అరవాలనిపించేది. ఆరేళ్లు అలా సాగింది. తర్వాత ఒకరోజు గుండెలో నొప్పి అని నాయన కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. సమాధి మీద పేరు రాయడానికి బోర్డు రాసేవాళ్లెవరూ దొరక్క ఫ్లెక్సీ అంగడివాడి చేత స్టిక్కరు వేయించాం.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులోనే ఉంటున్నాను. అదే బడి. అన్నకు బైపాసు దగ్గర పంక్చరు అంగడి ఉంది. పని కూర్చుని చేసేది కాబట్టి జరుగుబాటవుతోంది. మా అమ్మ అన్న దగ్గరే ఉంటుంది. ఇక్కడి సంఘంలో సండే స్కూలు నన్నే చూసుకోమన్నారు. వద్దనడానికి కారణం చెప్పాల్సి వస్తుందని ఒప్పుకున్నాను. నాకు నమ్మకం ఉందా అని అడిగితే ఉంది. ప్రభువు మీద ఉంది. ఆయన పేరుతో మా గడప తొక్కేవాళ్ల మీద లేదు.

పోయిన డిసెంబరులో సంఘం పెద్దలు, మీ నాయన గుడ్డ ఉందంట కదమ్మా, పిల్లలకు కట్టు అన్నారు. ఉంది. అమ్మ ట్రంకు పెట్టెలో కలరా ఉండల వాసనతో ఉంది. తెచ్చి విప్పితే మడతల దగ్గర రంగు పొట్టు రాలింది కానీ అక్షరం చెడలేదు. నాయన చేతి పనితనం అట్లాంటిది. కట్టడానికి పొడుగు నిచ్చెన కావాల్సి వచ్చింది. అన్న తన అంగడి నుంచి నిచ్చెన ఆటోలో వేసుకుని వచ్చాడు. ఆదివారం పొద్దున, పిల్లలు చాపల మీద కూర్చునివుండగా నేను పైకెక్కాను. అన్న సరిగ్గా వంగని కాలు పక్కకు చాపి కింద నిచ్చెన పట్టుకున్నాడు.

పైనుంచే పాఠం మొదలుపెట్టాను. నేను ఎడమవైపు చదివితే, పిల్లలు గుడ్డ చూసి కుడివైపు అరుస్తారు. చిన్న ఊరు, పశువుల పాక. గాడిద. చీట్లు. గొంతులు గుయ్యిమంటున్నాయి. ఏడో వరస చదివాను. “అధిపతి ఎన్ని అడిగినా బదులు చెప్పలేదు!” అని అరిచారు.

ముందు చాపలోంచి రెండు జడల పిల్ల ఒకతి లేచింది. “మేడం, మరి చెంపకు కొడితే, నన్ను యాల కొడ్తివి అని అడిగినాడంట గదా? మా అవ్వ చెప్పింది.”

ఇరవై ఏళ్లుగా నేను మోస్తున్న ప్రశ్న. దానికి జవాబు చెప్పే పెద్ద మనిషి కోసం చిన్నప్పుడు ఎంత ఎదురుచూశానో నాకు తెలుసు. నా నోట్లోంచి నా గొంతుతోనే వచ్చిన మాట నేను విన్నాను.

“అది గుడ్డ మీద లేదమ్మా. పోటీలో రాదు.”

ఆ పిల్ల కూర్చుంది. అన్న తలెత్తి నావైపు చూశాడు. పులివెందుల కోర్టులో చూసిన చూపే. మిగిలిన వరసలు ఎట్లా పూర్తిచేశానో గుర్తులేదు. బిస్కెట్లు పంచి పిల్లల్ని పంపేశాక హాల్లో ఇద్దరమే మిగిలాం. నేను మళ్లీ నిచ్చెనెక్కాను, రెండో మేకు సరిచేసే నెపంతో.

“మే,” అన్నాడు అన్న. “ఆ పొద్దు నువ్వూ ఇట్లనే నిచ్చెన పట్టుకోనుంటివి గదా.”

“ఊఁ.”

“తలుపు తీసే ఉండె.”

“ఉండె.”

“కోర్టులో నాయన సూడలేదంటానే నీ తట్టు సూస్తి. నువ్వు లేస్తావేమో అనుకుంటి. నీళ్ల బాటిలిస్తివి.”

అతను కోపంగా అనలేదు. కోపంగా అనివుంటే నాకు తేలికగా ఉండేది. ఎనిమిదేళ్లు నాయన్ను మనసులో బోనెక్కించి నిలబెట్టాను, అయ్యగారిని నిలబెట్టాను, ఇరవై ఇండ్లవాళ్లను నిలబెట్టాను. ఈ రాసిందంతా ఆ కోపంతో రాసిందే. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి నేనెప్పుడూ బోనెక్కలేదు. నిచ్చెన దిగి అతని ముందు నిలబడ్డాను. నోరు తెరిచేసరికి రెండు మూడు బైబిలు వాక్యాలు తమంతట తామే వరసకొచ్చి నిలబడ్డాయి. అంత బాగా నేర్పాడు మా నాయన. వాటిని మింగేశాను.

“భయపడితి అన్నా,” అన్నాను. “ఉద్యోగం పోతుందని, వాళ్లు నన్ను గూడ ఏమన్నా చేస్తారని. అంతే. ఇంకేం ల్యా.”

అన్న గోడకు ఆనుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“ఈ ముక్క నాయన చెప్పింటే సాలు మే,” అన్నాడు. “భయపడితిరా అని ఒక్క తూరి. నాకు భయం తెల్దా? రాడ్డు తగిలింది నాకు. ఆరేండ్లు నూనె రుద్దె, ఒక్క దినమన్నా ఆ మాట అంటాడని సూస్తాంటి. దినామూ వాక్యమే చెప్పె.”

అతను నిచ్చెనకు ఒక కొన పట్టుకున్నాడు. నేను రెండో కొన పట్టుకున్నాను. ఆటో దాకా ఇద్దరం మెల్లగా, అతని నడకకు సరిపోయేట్టు నడిచాం.